లైకా: చరిత్రయు, చిత్రకథయు

1957వ సంవత్సరము నవంబరు 3వ తేదీన సోవియట్ యూనియన్ తన రెండవ కృత్రిమోపగ్రహమును ప్రయోగించెను. అందులో లైకా అను ఆడకుక్క ఉండెను. భూమి చుట్టును కక్ష్యలో తిరిగిన మొదటి జంతువు అదియే. ఇంతవరకు విద్యార్థులలో పెక్కుమంది ఎరిగినదే. కాని ఆ కుక్క ఎప్పుడు మరణించినది, ఎట్లు మరణించినది అను ప్రశ్నకు సరియైన సమాధానము 45 సంవత్సరములవరకు లోకమునకు తెలియలేదు. అది 2002లో బయటపడెను. తరువాత ఐదేండ్లకు, అనగా 2007లో, నిక్ అబాడ్జిస్ అను బ్రిటిష్ చిత్రకారుడు "లైకా" అను పేరుతోనే ఒక గ్రాఫిక్ నవలను వెలువరించెను.

గ్రాఫిక్ నవల యనగా బొమ్మల వరుసలతోను, ఆ బొమ్మలలోని మాటలతోను నడచు దీర్ఘకథ. రూపమునకు ఇది పిల్లల బొమ్మల కథవలెనే ఉండును. విషయము మాత్రము పెద్దలకును తగినది. సుమారు 200 పుటలుగల ఈ గ్రంథమునకు, అమెరికాలో చిత్రకథలకు ఇచ్చు ఐస్నర్ బహుమతి 2008లో యువపాఠకుల విభాగమున లభించెను.

ఈ విధముగా ఒక్క కుక్కను గురించి మూడు కథనములు ఏర్పడినవి. ప్రభుత్వము ప్రకటించినది ఒకటి. యంత్రములు కొలిచినది ఒకటి. చిత్రకారుడు ఊహించినది ఒకటి. ఈ మూడింటిని కలగాపులగము చేయక, దేనిని దానిగా చూచినప్పుడే లైకా ప్రయాణమువలన విజ్ఞానమునకు కలిగిన లాభమెంత, అందుకు చెల్లించిన వెల ఎంత అనునది తెలియగలదు.

కుక్కలనే ఏల ఎన్నుకొనిరి?

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప జర్మనుల వి–2 రాకెట్టుల నిర్మాణరహస్యములు అమెరికాకును, సోవియట్ యూనియనునకును కూడ దక్కినవి. వాని ఆధారముతో ఉభయదేశములును మిక్కిలి ఎత్తునకు పోగల రాకెట్టులను ప్రయోగింపసాగినవి. 1947 ఫిబ్రవరి 20న అమెరికా శాస్త్రజ్ఞులు వి–2 రాకెట్టులో పండ్ల ఈగలను పంపిరి. అవి ప్రాణములతో దిగివచ్చినవి. 1949 జూన్ 14న రెండవ ఆల్బర్ట్ అను కోతిని పంపిరి. అది 134 కిలోమీటర్ల ఎత్తు చేరెను గాని, దిగునప్పుడు పారాచూటు పనిచేయకపోవుటచే నేలను తాకి మరణించెను.

ఆ కాలమున వైద్యులను ముఖ్యముగా రెండు సందేహములు వేధించుచుండెను. రాకెట్టు పైకి లేచునప్పుడు వేగము త్వరత్వరగా హెచ్చును. అప్పుడు ప్రాణి శరీరము దాని బరువునకు అనేకరెట్లు బరువైనట్లు నొక్కబడును. ఆ ఒత్తిడిని గుండె తట్టుకొనగలదా యనునది మొదటి సందేహము. కక్ష్య చేరిన పిమ్మట భారరహిత స్థితి ఏర్పడును. ఆ స్థితిలో రక్తప్రసరణము, శ్వాస, మ్రింగుట, నిద్ర సరిగా జరుగునా యనునది రెండవది. మొదటిదానిని భూమిమీదనే, గిరగిర త్రిప్పు యంత్రములతో పరీక్షింపవచ్చును. రెండవదానికి అట్టి ఉపాయము లేదు. విమానమును ఒక ప్రత్యేకమైన వంపులో నడిపినచో అరనిమిషమంత కాలము మాత్రమే భారరహిత స్థితి లభించును. గంటల తరబడి, దినముల తరబడి ఆ స్థితి ఎట్లుండునో తెలియవలెనన్నచో ఒక ప్రాణి కక్ష్యలోనికి పోక తప్పదు.

అమెరికావారు కోతులను ఎన్నుకొనగా, సోవియట్ శాస్త్రజ్ఞులు కుక్కలను ఎన్నుకొనిరి. ఇవాన్ పావ్లోవ్ కాలమునుండియు రష్యాలో శరీరధర్మశాస్త్ర పరిశోధనలకు కుక్కలనే వాడుచుండిరి. కావున కుక్క గుండె, శ్వాస, నరములను గురించి వారికి విశేషమైన అనుభవము కలదు. మాస్కో వీధులలో దిక్కులేక తిరుగు కుక్కలనే పట్టి తెచ్చిరి. చలికి, ఆకలికి అలవాటుపడిన వీధికుక్క ఇంటిలో పెరిగిన మేలుజాతి కుక్కకంటె ఎక్కువగా ఓర్చుకొనగలదని వారి అభిప్రాయము. బరువు 6, 7 కిలోగ్రాములకు మించరాదు. చలనచిత్రములో స్పష్టముగా కనబడుటకై లేతరంగు రోమములుండవలెను. మలమూత్రములను గ్రహించు పరికరమును అమర్చుట సులభమగుటచే ఎక్కువగా ఆడకుక్కలనే తీసికొనిరి.

1951 జూలై 22న దేజిక్, త్సిగాన్ అను రెండు కుక్కలు రాకెట్టులో సుమారు 100 కిలోమీటర్ల ఎత్తునకు పోయి క్షేమముగా తిరిగివచ్చినవి. వారము తిరుగగానే, జూలై 29న, దేజిక్‌ను లీసా అను మరియొక కుక్కతో తిరిగి పంపగా ఆ రెండును మరణించినవి. త్సిగాన్‌ను మరల పంపలేదు. అనతోలీ బ్లాగన్‌రావోవ్ అను శాస్త్రవేత్త దానిని తన యింటికి తీసికొనిపోయి పెంచుకొనెను. ఇట్టి ప్రయోగములు పెక్కు జరిగినవి. వీనియందు కుక్కలు నిట్టనిలువుగా ఎగిరి కొన్ని నిమిషములలో దిగివచ్చెడివి. కక్ష్యలో తిరుగుట అనునది వేరు సంగతి.

నాలుగు వారముల పని

1957 అక్టోబరు 4న మొదటి స్పుత్నిక్ ఆకాశమున కెగసెను. దాని బరువు 83.6 కిలోగ్రాములు. ప్రపంచమంతయు ఆశ్చర్యపడెను. సోవియట్ నాయకుడు నికితా క్రుశ్చేవ్ ఈ కీర్తిని చూచి సంతోషించి, అక్టోబరు విప్లవము యొక్క 40వ వార్షికోత్సవమునకు, అనగా నవంబరు 7వ తేదీకి, మరియొక గొప్ప ప్రయోగము కావలెనని రాకెట్టు నిర్మాతలను కోరెను. ఈ కోరికయే లైకా భవితవ్యమును నిర్ణయించెను.

రాకెట్టుల ప్రధాన నిర్మాత సెర్గీ కరొల్యోవ్. ఆయన పేరు 1966 జనవరిలో ఆయన మరణించునంతవరకు ప్రజలకు తెలియనీయక రహస్యముగా ఉంచిరి. అనేక పరికరములతో ఒక పెద్ద ఉపగ్రహము అప్పటికే తయారగుచుండెను గాని అది నవంబరు నాటికి సిద్ధము కాజాలదు. (అది తరువాత 1958 మే 15న మూడవ స్పుత్నిక్‌గా ప్రయోగింపబడెను.) కావున ఉన్న వస్తువులతో క్రొత్త ఉపగ్రహమును కూర్పవలసివచ్చెను. ఎత్తునకు పోవు రాకెట్టులలో కుక్కలను ఉంచుటకు వాడిన గది వంటిది ఒకటి, మొదటి స్పుత్నిక్ వంటి గోళము ఒకటి, సూర్యుని కిరణములను, విశ్వకిరణములను కొలుచు పరికరములు కొన్ని చేర్చి నాలుగు వారములలోపుననే పని ముగించిరి. దీని బరువు 508.3 కిలోగ్రాములు.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. ఉపగ్రహమును కక్ష్యలో నిలుపుటకు సెకనుకు సుమారు 8 కిలోమీటర్ల వేగము కావలెను. దానిని తిరిగి నేలకు దింపవలెనన్నచో ఆ వేగమును అణచుటకు ఎదురుదిశలో పేలు రాకెట్టు, గాలి రాపిడిచే పుట్టు వేడిమినుండి కాపాడు కవచము, చివరకు పారాచూటు కావలెను. 1957లో ఇవి యేవియు సిద్ధముగా లేవు. వానిని సిద్ధము చేయుటకు ఇంక మూడేండ్లు పట్టినది. కావున రెండవ స్పుత్నిక్‌లో పోవు కుక్క తిరిగిరాదని దానిని పంపినవారికి మొదటనే తెలియును. ఏడు దినములు బ్రదుకునట్లు ఏర్పాటులు చేసిరి. తరువాతి సంగతి ఏర్పాటులలో లేదు.

ప్రయాణ సన్నాహము

వైద్యశాఖకు వ్లదీమిర్ యజ్దోవ్‌స్కీ నాయకుడు. కుక్కల శిక్షణలో ఒలెగ్ గజెంకో ముఖ్యుడు. వారు చివరకు మూడు కుక్కలను ఎంచిరి. అల్బీనా అంతకుముందే రాకెట్టులో పైకి పోయి వచ్చినది. దానిని మారుగా ఉంచుకొనిరి. మూష్కను నేలమీద పరికరముల పరీక్షకు వినియోగించిరి. ప్రయాణమునకు నిర్ణయింపబడినది మూడవది. అది మాస్కో వీధులలో దొరికిన సంకరజాతి కుక్క. వయస్సు సుమారు మూడేండ్లు, బరువు సుమారు 6 కిలోగ్రాములు. దానిని మొదట "కుద్ర్యావ్కా" అని పిలుచుచుండిరి. ఉంగరాల బొచ్చుగలదని దాని అర్థము. "లైకా" అనగా మొరుగునది. ఈ రెండవ పేరే లోకమున నిలిచినది.

శిక్షణము కఠినమైనది. ఉపగ్రహములోని ఇరుకు చోటికి అలవాటు పడుటకై కుక్కలను క్రమక్రమముగా చిన్నవైన బోనులలో 20 దినములవరకు ఉంచిరి. మొదట అవి మలమూత్రములను బిగబట్టి, నిలుకడలేక, నీరసించెను. మందులు పనిచేయలేదు, దీర్ఘాభ్యాసమొక్కటే ఫలించెను. త్రిప్పు యంత్రములో త్రిప్పి ఒత్తిడికి, రాకెట్టు ధ్వనులు వినిపించి రొదకు అలవాటు చేసిరి. నీరును, ఆహారమును కలిపి ముద్దగా చేసిన మెత్తని పదార్థమును తినుట నేర్పిరి. భారరహిత స్థితిలో నీరు పాత్రలో నిలువదు గదా! నాడిని, రక్తపు పోటును, శ్వాసను కొలుచు పరికరములను శస్త్రచికిత్సచే శరీరమునకు అమర్చిరి.

ప్రయోగమునకు ముందు యజ్దోవ్‌స్కీ లైకాను తన యింటికి తీసికొనిపోయి తన పిల్లలతో ఆడుకొననిచ్చెను. దానికి ఇక మిగిలియున్న కాలము స్వల్పము కావున దానికేదైన మేలు చేయవలెనని తనకు తోచినట్లు ఆయనయే తరువాత వ్రాసెను. కఠినమైన పని చేయువారికి కఠినమైన హృదయముండునని తలచుట ఎంత పొరపాటో ఈ చిన్న సంగతివలన తెలియుచున్నది.

లైకాను ఉంచిన గది సుమారు 80 సెంటిమీటర్ల పొడవు, 64 సెంటిమీటర్ల అడ్డుకొలత గల గుండ్రని పెట్టె. అందులో అది నిలుచుటకు, కూర్చుండుటకు, పండుకొనుటకు వీలుండెను గాని వెనుకకు తిరుగుటకు వీలు లేదు. అది విడుచు బొగ్గుపులుసు వాయువును, నీటియావిరిని పీల్చుకొని ప్రాణవాయువును విడుదలచేయు రసాయనపదార్థములు కలవు. వేడిమి 15 సెంటిగ్రేడు డిగ్రీలు మించినప్పుడు తనంతట తిరుగు పంకా కలదు. అక్టోబరు 31న, అనగా ప్రయోగమునకు మూడు దినములు ముందుగనే, లైకాను ఈ గదిలో ఉంచిరి. కజక్‌స్తానములోని ఆ ప్రయోగస్థలము తరువాత బైకనూర్ అను పేరుతో ప్రసిద్ధి చెందెను. అక్కడి చలికి గది చల్లబడకుండ గొట్టముద్వారా వెచ్చని గాలిని పంపుచుండిరి.

కక్ష్యలో జరిగినది

నవంబరు 3వ తేదీ తెల్లవారుజామున రాకెట్టు లేచెను. పరికరములు పంపిన రేడియో సంకేతములవలన తెలిసిన సంగతులివి: బయలుదేరుటకు ముందు లైకా గుండె నిమిషమునకు 103 సారులు కొట్టుకొనుచుండెను. రాకెట్టు వేగము హెచ్చుచున్నప్పుడు అది 240కి పెరిగెను. శ్వాస మూడు నాలుగు రెట్లు హెచ్చెను. కక్ష్య చేరి భారరహిత స్థితి ఏర్పడిన పిమ్మట నాడి మెల్లమెల్లగా తగ్గి, మూడు గంటలకు 102కు దిగెను. నేలమీద త్రిప్పు యంత్రములో పరీక్షించినప్పుడు ఇట్లు నెమ్మదించుటకు పట్టిన కాలమునకు ఇది మూడురెట్లు. లైకా ఎంతగా బెదరినదో ఈ అంకెయే చెప్పుచున్నది. అయినను గుండె తిరిగి నెమ్మదించుట ముఖ్యము. రాకెట్టు ఒత్తిడిని సహించి, భారరహిత స్థితిలో స్తన్యజంతువు గంటల తరబడి జీవింపగలదని మొదటిసారిగా ఋజువయ్యెను. ఈ ప్రయాణమువలన లభించిన ప్రధానజ్ఞానము ఇదియే.

కాని ఆ లోపల గదిలో వేడిమి పెరుగుచుండెను. ఇందుకు కారణము భౌతికశాస్త్ర విద్యార్థులకు సులభముగా బోధపడును. నేలమీద వేడి వస్తువు మూడు విధములుగా చల్లబడును: తగిలిన వస్తువులకు వేడిని ఇచ్చుట, చుట్టునున్న గాలి వేడెక్కి పైకి పోవుట, కిరణరూపమున వేడిని వెలువరించుట. రోదసిలో చుట్టును గాలి లేదు. తాకు వస్తువు లేదు. ఉపగ్రహము తన వేడిని కిరణరూపముననే వెలుపలికి పంపవలెను. మరియు భారరహిత స్థితిలో గది లోపలి వేడిగాలి పైకి పోవుట యనునది లేదు. పంకా త్రిప్పినగాని గాలి కదలదు. ఆ పంకా గాలిని ఒకచోటినుండి ఒకచోటికి త్రోయగలదే గాని వేడిని వెలుపలికి పంపజాలదు. లైకా దేహమునుండి వచ్చు వేడి, యంత్రముల వేడి, సూర్యుని వేడి ఒక్కటిగా కూడినవి. ఉష్ణమును అదుపులో నుంచు ఏర్పాటు, తొందరలో చేసినదగుటచే, ఈ భారమును మోయలేకపోయెను. గది వేడిమి 40 డిగ్రీలకు పెరిగెను. ప్రయోగము జరిగిన 5 నుండి 7 గంటల తరువాత లైకానుండి ప్రాణలక్షణములు తెలుపు సంకేతములు ఆగిపోయెను. ఏడు దినములకై చేసిన ఏర్పాటు ఒక పూటకు చాలినది.

నవంబరు 10న బాటరీల శక్తి నశించి ఉపగ్రహము మౌనము వహించెను. అది 1958 ఏప్రిల్ 14వరకు భూమి చుట్టును 2,570 సారులు తిరిగి, చివరకు వాతావరణములో ప్రవేశించి దగ్ధమయ్యెను.

చెప్పినది, దాచినది

లైకా తిరిగిరాదని తెలిసినప్పుడు అనేకదేశములలో నిరసనలు చెలరేగినవి. బ్రిటనులో కుక్కల సంరక్షణ సంఘమువారు ప్రతిదినము ఒక నిమిషము మౌనము పాటింపవలెనని ప్రజలను కోరిరి. అమెరికా పత్రికలు స్పుత్నిక్ పేరును అనుకరించి "మట్నిక్" అని ఆ కుక్కకు ఎగతాళి పేరు పెట్టినవి. సోవియట్ దేశమున లైకా బొమ్మ తపాలాబిళ్ళలమీదికి, సిగరెట్టు పెట్టెలమీదికి ఎక్కి వీరచిహ్నమయ్యెను.

దాని మరణమును గురించి మాత్రము ఒక్కొక్కప్పుడు ఒక్కొక్క విధముగా చెప్పిరి. కొన్ని దినములు బ్రదికి ప్రాణవాయువు తరుగుటచే మరణించినదని ఒక మాట. బాధ కలుగకుండ విషము కలిపిన ఆహారముచే ముందుగనే నిద్రపుచ్చిరని మరియొక మాట. దశాబ్దములపాటు పుస్తకములు ఈ మాటలనే నమ్మి అచ్చువేసినవి. 2002 అక్టోబరులో అమెరికాలోని హూస్టనులో జరిగిన ప్రపంచ రోదసి మహాసభలో, మాస్కోలోని జీవవైద్య సమస్యల సంస్థకు చెందిన దిమిత్రీ మలాషెంకోవ్ పైన వివరించిన అంకెలను ప్రకటించెను. అధికమైన వేడిమివలనను, భయముచే కలిగిన ఉద్వేగమువలనను లైకా కొన్ని గంటలలోనే మరణించినదని అప్పుడు రూఢియయ్యెను.

రహస్యము విజ్ఞానమునకు ఎట్లు అడ్డగునో తెలుపు మరియొక ఉదాహరణము ఇదే ఉపగ్రహమునందు కలదు. రెండవ స్పుత్నిక్‌లోని పరికరములు విశ్వకిరణములను కొలుచుచు, ఎత్తైనచోట్ల రేణువుల సంఖ్య హెచ్చుటను గుర్తించినవి. ఉపగ్రహము భూమికి అతిదూరముగా పోవునప్పుడు దక్షిణార్ధగోళముమీద ఉండెడిది. ఆ సంకేతములను ఆస్ట్రేలియాలోని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. కాని సంకేతముల అర్థమును తెలుపు సూత్రమును సోవియట్‌వారు ఇయ్యలేదు. తాము గ్రహించినదానిని ఆస్ట్రేలియావారును ఇయ్యలేదు. 1958లో అమెరికా ఉపగ్రహము ఎక్స్‌ప్లోరర్–1 పంపిన వివరములనుండి జేమ్స్ వాన్ ఆలెన్ భూమి చుట్టునున్న రేణుమేఖలలను కనుగొనెను. అవి ఆయన పేరుతోనే ప్రసిద్ధి కెక్కినవి. తాళము ఒకరియొద్దను, తాళపుచెవి మరియొకరియొద్దను ఉన్నప్పుడు తలుపు తెరచుకొనదు.

బొమ్మలలోని లైకా

నిక్ అబాడ్జిస్ గ్రంథము ఈ చారిత్రక విషయములపైననే ఆధారపడియున్నది. 2002లో వెలువడిన సత్యమును గూర్చిన వార్తయే ఆయనను ఈ కథకు పురికొల్పెను. కథ లైకాతో మొదలు కాదు, కరొల్యోవ్‌తో మొదలగును. మంచు కప్పిన సైబీరియాలో ఖైదీల శిబిరమునుండి విడుదలయైన ఒక మనుష్యుడు ఒంటరిగా నడచుచుండును. ఇది చరిత్రకు సరిపోవు దృశ్యము. కరొల్యోవ్‌ను 1938లో అన్యాయముగా బంధించి, సైబీరియా తూర్పుకొనయందలి కొలీమాలోని బంగారుగనుల శిబిరమునకు పంపిరి. 1939లో అక్కడినుండి బయటికి తెచ్చిరి. పూర్తిగా విడుదలయైనది 1944లో. ఒకప్పుడు బోనులో ఉండి బ్రదికినవాడే తరువాత మరియొక ప్రాణిని పెట్టెలో పెట్టి పంపవలసివచ్చెను. ఈ పోలికను చిత్రకారుడు ఉపన్యాసముగా చెప్పడు. రెండు బొమ్మలు చూపి ఊరకుండును.

గజెంకో, యజ్దోవ్‌స్కీ మొదలైనవారు ఇందు తమ పేళ్ళతోనే కనబడుదురు. కుద్ర్యావ్కా బాల్యము మాత్రము పూర్తిగా కల్పితము. వీధిలో పట్టుబడకమునుపు ఆ కుక్క ఎక్కడ పుట్టినదో, ఎవరియొద్ద పెరిగినదో తెలుపు ఆధారము ఎచ్చటను లేదు. ఆ ఖాళీని చిత్రకారుడు తన ఊహతో నింపెను. దానిని పోషించి శిక్షణనిచ్చు యెలేనా దుబ్రోవ్‌స్కీ అను యువతి కూడ కల్పితపాత్రయే. కుక్కపై ప్రేమ, చేయవలసిన పనిపై శ్రద్ధ ఈ రెండింటి నడుమ ఆమె నలిగిపోవును. ప్రయోగశాలల దినచర్యపుస్తకములలో నాడివేగములు, బరువులు, తేదీలు ఉండును. బోనును తెరచి కుక్కను ప్రతిదినము చేతులలోనికి తీసికొను మనిషి మనస్సులో ఏమి జరుగునో ఏ పుస్తకమునను వ్రాసియుండదు. యెలేనా పాత్ర ఆ లోటును తీర్చుచున్నది.

ఇచ్చట ఒక ప్రశ్న ఉదయించును. చరిత్రను కథగా చేసి బొమ్మలు గీయుట సత్యమునకు హాని కాదా? పిల్లలు కల్పితమును నిజమని నమ్మరా? ఈ భయము నిరాధారము కాదు. కాని రెండు రకముల కల్పనలకు భేదము కలదు. నవల తాను నవలనని ముందుగనే చెప్పుకొనుచున్నది. విషపు ముద్దను గురించిన మాట కూడ కల్పనయే. అయినను అది వాస్తవము అను వేషము వేసికొని 45 ఏండ్లు తిరిగినది. చదువరిని మోసగించినది బొమ్మల పుస్తకము కాదు. పైగా, లైకా మరణమును ఈ గ్రంథము మెత్తబరుపలేదు. వేడెక్కుచున్న పెట్టెలో ఒంటరిగా జరిగిన ఆ మరణమును 2002లో తెలిసినరీతిగనే చూపినది. ప్రభుత్వప్రకటనలు దాచిన సంగతిని ఒక బొమ్మల పుస్తకము దాచలేదు.

గ్రంథమును తరగతిలో వాడదలచు ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక చిన్న పని చేయింపవచ్చును. ఒక కాగితముపై మూడు గడులు గీసి, చారిత్రకాధారము గల సంగతులను మొదటి గడిలోను, చిత్రకారుని ఊహలను రెండవ గడిలోను, ఒకప్పుడు నిజమని చెప్పబడి తరువాత తప్పని తేలినవానిని మూడవ గడిలోను వ్రాయింపవలెను. ఏ పుస్తకమునైనను, ఏ వార్తనైనను ఈ మూడు గడులలో పరీక్షించు అలవాటు విజ్ఞానశాస్త్రము నేర్పు మొదటి పాఠము.

వెల ఎంత?

లైకా తరువాత మూడేండ్లకు తిరిగివచ్చు ఉపాయము సిద్ధమయ్యెను. 1960 జూలై 28న బార్స్, లిసిచ్కా అను కుక్కలు రాకెట్టు ధ్వంసమై మరణించినవి. ఆగస్టు 19న బేల్కా, స్త్రేల్కా అను కుక్కలు కక్ష్యలోనికి పోయి, మరునాడు ప్రాణములతో నేలకు దిగినవి. కక్ష్యనుండి క్షేమముగా తిరిగివచ్చిన మొదటి కుక్కలు అవియే. తరువాత స్త్రేల్కాకు ఆరు పిల్లలు పుట్టగా వానిలో పుషింకా అను దానిని క్రుశ్చేవ్ 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుటుంబమునకు కానుకగా పంపెను. 1960 డిసెంబరు 1న పోయిన ప్చోల్కా, మూష్కా తిరిగిరాలేదు. ఈ మూష్కాయే నాడు లైకాతో శిక్షణ పొందినది. 1961 మార్చి 9న చెర్నూష్కా, మార్చి 25న జ్వ్యోజ్దోచ్కా ఒక్కొక్క ప్రదక్షిణము చేసి క్షేమముగా దిగినవి. ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషముల ప్రయాణము ముగించి తిరిగివచ్చెను.

ఈ వరుసను చూచినప్పుడు, కుక్కల ప్రయాణములు లేక మానవుడు అంత త్వరగా రోదసికి పోయియుండడని ఒప్పుకొనవలెను. రాకెట్టు, కవచము, పారాచూటు, ప్రాణవాయువు వీనిలోని లోపములు కుక్కలు పోయినప్పుడే తెలిసినవి. కాని ఆ వరుసలో లైకా స్థానము వేరు. మిగిలిన కుక్కలను తిరిగి తెచ్చుటకే పంపిరి. కొన్ని ప్రమాదమున మరణించినవి. లైకాను తిరిగి తెచ్చు తలంపే లేదు. మూడేండ్లు ఆగినచో అదే ప్రశ్నకు సమాధానము ప్రాణముతో వచ్చియుండెడిది. ఆగనీయనిది విజ్ఞానశాస్త్రము కాదు. పంచాంగములోని ఒక తేదీ.

ఈ తీర్పు ఇతరులెవ్వరో చెప్పినది కాదు. లైకాను ఎంచి, శిక్షణ ఇచ్చి పంపినవారిలో ఒకడైన ఒలెగ్ గజెంకోయే 1998లో మాస్కోలో పత్రికలవారితో మాట్లాడుచు, కాలము గడచినకొలది తన విచారము హెచ్చుచున్నదనియు, కుక్క ప్రాణమునకు తగినంత జ్ఞానము ఆ ప్రయోగమువలన తమకు లభింపలేదనియు ఒప్పుకొనెను. నలుబదియేండ్ల తరువాత ఒక శాస్త్రజ్ఞుడు తన ప్రయోగఫలితమును తిరిగి లెక్కించి, లెక్క సరిపోలేదని బహిరంగముగా చెప్పుట అరుదు. అబాడ్జిస్ గ్రంథము కూడ గజెంకో పలికిన ఆ మాటలతోనే ముగియుచున్నది.

2008 ఏప్రిల్ 11న మాస్కోలో, లైకా ప్రయాణమునకు ఏర్పాటులు జరిగిన సైనిక పరిశోధనాలయము సమీపమున, దానికి ఒక చిన్న స్మారకశిల్పమును ప్రతిష్ఠించిరి. పైకి పోవుచున్న రాకెట్టు మనుష్యుని అరచేయిగా మారును. ఆ అరచేతిలో కుక్క నిలుచుండును. ఆ చేయి పైకెత్తుచున్న చేయియా, విడిచిపెట్టుచున్న చేయియా యనునది చూచువారే తేల్చుకొనవలెను. పాఠములో లైకా పేరు వచ్చినప్పుడు "కక్ష్యలో తిరిగిన మొదటి జంతువు" అను మాటతోపాటు "ఐదునుండి ఏడు గంటలు" అను అంకెను కూడ ఉపాధ్యాయులు చెప్పవలెను. ఆ రెండును కలిసిననే పాఠము పూర్తియగును.